ఎండుచేప మానేశారు, చుట్ట మానలేదు: విశాఖ జాలరిపేట నుంచి ఒక కేసు

రోగి వయసు 57 ఏళ్ళు. విశాఖలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక జాలరిపేట. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తి వాల్తేరు వైపు కాలనీల్లో అమ్ముతారు. భర్త పోయారు. కొడుకు మరబోటు మీద పనికి వెళ్తాడు. ఇంటి లెక్కలు, ఫోను, ఆస్పత్రి వ్యవహారాలు అన్నీ కోడలివే. వాళ్ళ అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

నేను నోటి వ్యాధులు చూసే దంతవైద్యురాలిని. ఆమె వచ్చింది నోట్లో మంట అని. "ఆవకాయ నోట్లో ఎడితే నిప్పెట్టినట్టుంటాదమ్మా. ఇప్పుడు సారు కూడా పడ్డం నేదు." మంట మొదలై నాలుగు నెలలు. మందుల షాపులో అడిగి బి కాంప్లెక్స్ మాత్రలు, పైపూత జెల్ వాడారు. జెల్ రాసినంతసేపూ హాయి, తర్వాత మామూలే. నొప్పి లేదు, రక్తం లేదు, మింగడంలో ఇబ్బంది లేదు. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు.

బరువు తగ్గడం వినగానే మాలాంటి వాళ్ళకి గుండె ఒకసారి ఆగుతుంది. కానీ ఆ తగ్గుదలకి కారణం కోడలి చేతిసంచీలో ఉంది.

ఆ నోటుబుక్కు

పిల్లల పాత రూళ్ళ పుస్తకం అది. వెనక పేజీల నుంచి రాసుకొచ్చింది. ఒక పేజీకి "మానేసినవి" అని పేరు. ఎండు నెత్తళ్ళు, ఉప్పుచేప, పచ్చిచేప, రొయ్యలు, గుడ్డు, పాలు, పంచదార, మైదా, చద్దన్నం. ఎదురు పేజీలో "ఇస్తున్నవి". పరగడుపున నిమ్మకాయ వేడినీళ్ళు, గంట ఆగి పసుపూ మిరియాల కషాయం, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూర, కాస్త అన్నం, రాత్రి మళ్ళీ కషాయం. వీటికి తోడు ఆన్‌లైన్‌లో తెప్పించిన క్యాప్సూల్స్, డబ్బా మీద పెద్ద అక్షరాలతో యాంటీఆక్సిడెంట్ అని. నెలకి రెండు వేలకు పైనే అవుతోందట. చేపల గంప మీద బతికే ఇంట్లో రెండు వేలు చిన్న మాట కాదు.

ఇదంతా ఎందుకంటే, అదే పేటలో ఒకామెకి నోటి క్యాన్సర్ వచ్చి పైదవడలో కొంత భాగం తీసేశారు. ఆమెని చూసొచ్చిన రోజు నుంచి కోడలికి నిద్ర లేదు. ఫోన్లో వెతికింది, వీడియోలు చూసింది, ఏది తింటే క్యాన్సరో రాసుకుంది. అత్తగారికి మంట మొదలవగానే అమల్లో పెట్టేసింది.

ఆవిడ శ్రద్ధని నేను తేలిగ్గా తీసుకోను. అత్తగారి కోసం అంత ఓపిగ్గా పుస్తకం రాసే కోడళ్ళు నా దగ్గరికి రోజూ రారు. చిక్కల్లా ఏమిటంటే, రెండు పేజీల్లోనూ ఒక వస్తువు మాత్రం కనపడలేదు.

మా ఫారంలో సిగరెట్, బీడీ, గుట్కా అన్న చోట్ల మూడింటికీ "లేదు" అని రాసి ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్ళ విషయంలో, ఆ "లేదు" దగ్గర నేను ఆగను. పొగ తాగుతారా అని అడిగితే "అయ్యి మగోళ్ళు తాగుతారు గదమ్మా" అంటారు. అందుకే నేరుగా అడుగుతాను: "చుట్ట ఎటువైపు పెట్టుకుంటారమ్మా, అగ్గి లోపలికా, బయటికా?"

ఆమె కోడలి వైపు ఒకసారి చూసి, నవ్వి, "నోపలికే" అన్నారు.

అడ్డపొగ

ఈ అలవాటు తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. పొగాకుని చేత్తోనే చుట్టుకుని, వెలిగించి, కాలుతున్న కొసని నోట్లో పెట్టుకుని పెదవులు మూస్తారు. ఉమ్ముతో తడిసిన పై ఆకు తొందరగా కాలదు, లోపలి పొగాకు మాత్రం నెమ్మదిగా రాజుకుంటూ ఉంటుంది. గాలి బయటికొస నుంచి లోపలికి వెళ్తుంది. పొగ నోట్లోనే తిరిగి అదే కొస నుంచో, ముక్కులోంచో బయటికొస్తుంది. బూడిద కొంత ఉమ్మేస్తారు, కొంత మింగేస్తారు.

ఎందుకిలా అంటే వినేవాళ్ళకి వింతగా ఉంటుందిగానీ వాళ్ళకి కారణాలున్నాయి. "ఒడ్డున గాలికి ఆరిపోద్ది గదేటి. వల కుట్టుకుంటా, గుంటని వొళ్ళో ఎట్టుకుని కాల్చుకోవచ్చు, నిప్పురవ్వ పడదు." పైగా ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. నోరు కాలదా అని అడిగాను. మొదట్లో కాలుతుంది, తర్వాత తెలియదు అన్నారు. పద్నాలుగో ఏట తల్లి దగ్గర నేర్చుకున్నారు. పన్ను పోటుకి మందని మొదలుపెట్టిందట. ఇప్పుడు రోజుకి మూడు, వేట బాగా పడి బేరం ఆలస్యమైన రోజు నాలుగు.

కోడలికి ఇది తెలియదా? తెలుసు. రోజూ చూస్తూనే ఉంది. "మా అమ్మమ్మ కూడా కాల్చేది మేడం, ఎనభై దాటి బతికింది" అంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని అనుమానించాలని ఎవరికీ తట్టదు. కొత్తగా విన్నదాన్నే అనుమానిస్తాం.

నోరు తెరిచి చూస్తే

పెదవుల లోపలి అంచు నల్లగా ఉంది. పళ్ళకి గార బయటివైపు పెద్దగా లేదు, లోపలివైపు మాత్రం ముదురు గోధుమరంగులో దట్టంగా పట్టేసింది. పొగ సంగతి రోగి చెప్పకముందే పళ్ళు చెప్పేస్తాయి. నాలుక కొస మీద పాత కాలిన మచ్చ.

అసలు మార్పు అంగిట్లో. గట్టి అంగిలి చాలామేర తెల్లగా మందంగా తయారై, ఎండిన చెరువు అడుగులా బీటలు వారింది. మధ్యమధ్య చిన్న ఎర్ర చుక్కలు, అవి వాచిన లాలాజల గ్రంథుల నోళ్ళు. మధ్యగీతకి కుడిపక్కన ఒకటిన్నర సెంటీమీటర్ల ఎర్రమచ్చ. నున్నగా, మెత్తగా, చుట్టూ ఉన్న తెలుపులో విడిగా కనపడుతోంది. నోట్లో తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చ ఎక్కువ భయపెట్టాలి. ఎర్రమచ్చల్లో కణాల మార్పు ముదిరి ఉండే అవకాశం చాలా ఎక్కువ. మెడలో గడ్డలేమీ తగల్లేదు.

ఇంకొకటి దొరికింది. ఆమెకి పైన ఎడమవైపు రెండు పళ్ళ తీసిపెట్టే సెట్టు ఉంది, ఎన్నో ఏళ్ళ క్రితం కట్టించుకున్నది. పగలంతా తియ్యరు, చుట్ట కాల్చేటప్పుడు కూడా. ఆ ప్లేటు తీయించి చూస్తే, దాని కింద ఉన్న అంగిలి గులాబీ రంగులో, నున్నగా, చిన్నపిల్లల నోరులా ఉంది. ప్లేటు అంచు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచి తెలుపూ బీటలూ మొదలయ్యాయి. ఫోటో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి కోడలికి చూపించాను.

ఆవిడ కాసేపు చూసి అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "మరి వేడి టీ కూడా ఆ ప్లేటు ఆపేస్తుంది కదా మేడం? చుట్టే అని ఎలా చెప్పగలం?" నిజమే, ప్లేటు ఒక్కటే సాక్ష్యమైతే చెప్పలేం. కానీ టీ నాలుక మీదుగా, గొంతు మీదుగా మొత్తం పోతుంది. ఇక్కడ మార్పంతా అగ్గి కొస ఎదురుగా ఉండే చోట గుండ్రంగా పేరుకుంది, బుగ్గల లోపల పెద్దగా లేదు. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కి కారణం కావచ్చని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. టీ కాస్త చల్లార్చుకుని తాగితే చాలు. అంగిలిని ఈ తీరుగా చేసేది టీ కాదు.

గట్టి అంగిలి క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు. మన తీరంలోనే అది ఎక్కువగా కనిపించడం, దానికీ అడ్డపొగకీ ఉన్న సంబంధం వైద్యులు 1940ల నాటికే గమనించారు. ఇక్కడి ఆంధ్రా మెడికల్ కాలేజీ వైద్యులు కూడా 1970లలో దీని మీద పరిశోధన ప్రచురించారు. దగ్గర్లోని శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వ్యాసం వేశారు. అందులో నలభై శాతం పైగా జనం అడ్డపొగ తాగేవాళ్ళే, ఆడవాళ్ళే ఎక్కువ. తర్వాత వచ్చిన కుర్రకారు ఈ అలవాటు పట్టలేదు కాబట్టి ఇప్పుడు తగ్గింది. తగ్గింది కాబట్టే కొత్తగా చదువుకొచ్చిన డాక్టర్లు అడగడం మర్చిపోతున్నారని నా ఫిర్యాదు.

ముక్క పరీక్ష

బయాప్సీ అనగానే ఇంటిల్లిపాదీ వద్దన్నారు. ముక్క తీస్తే పాకిపోతుందన్న భయం. ఈ మాట నేను ప్రతి బయాప్సీ ముందూ వింటాను. నోట్లోంచి చిన్న ముక్క తీసి చూడడం వల్ల రోగం పాకదు. ముక్క తియ్యకుండా ఆలస్యం చేసినవాళ్ళకి ఆ మధ్యలో రోగం ముదురుతుంది, నింద బయాప్సీ మీద పడుతుంది. ఇదంతా నేను కొడుక్కీ కోడలికీ చెప్తుంటే కుర్చీలో ఉన్న పెద్దావిడే తేల్చేశారు. "మొప్ప ఎత్తి సూడందే సేప మంచిదో కాదో ఎలగ తెలుస్తాది? తియ్యండమ్మా."

ఎర్రమచ్చ అంచు నుంచి తీసి పంపాను. రిపోర్టు: మధ్యస్థ స్థాయి డిస్‌ప్లేసియా. అంటే పైపొర కణాలు వరస తప్పి పెరుగుతున్నాయి, కిందికి మాత్రం చొచ్చుకుపోలేదు. క్యాన్సర్ కాదు. అలాగని వదిలేసేదీ కాదు. ఇలాంటివి కొన్ని ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి, కొన్ని తగ్గుతాయి, కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. ఏది ఎటు పోతుందో సూక్ష్మదర్శిని ముందుగా చెప్పలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4, ఐరన్ బాగా తక్కువ. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి.

ఎర్రమచ్చ మొత్తాన్ని తీసేయడానికి సర్జన్ దగ్గరికి పంపాను. చుట్టూ మంచి కండతో సహా తీశారు, అంచులు శుభ్రంగా ఉన్నాయి, లోపల క్యాన్సర్ లేదు. పుండు మీద ప్లాస్టిక్ ప్లేటు పెట్టి మాన్పారు. ఆపరేషన్ గురించి అంతకంటే చెప్పాల్సింది లేదు, అందులో తేలికైన పని అదే.

చేపా, చుట్టా ఒకే జాబితాలో

కోడలు నన్ను ఒక విషయంలో నిలదీసింది. ఫోన్లో దాచుకున్న బొమ్మ చూపించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్రూపు 1 జాబితా. పొగాకు, మద్యం, వక్క, ప్రాసెస్ చేసిన మాంసం, వాటి మధ్యలో ఉప్పుచేప. "అన్నీ గ్రూపు 1లోనే ఉన్నాయి కదా మేడం. చేప మానిపిస్తే తప్పేంటి?"

ఆ జాబితా నిజమైనదే. చదివిన తీరులోనే తేడా ఉంది. గ్రూపు 1 అంటే, ఇది మనుషుల్లో క్యాన్సర్ కలిగించగలదనడానికి గట్టి సాక్ష్యం ఉంది అని అర్థం. ఎంతమందికి, ఎంత ప్రమాదం అన్నది ఆ సంఖ్య చెప్పదు. 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూపు 1లో పెట్టినప్పుడు కూడా ఇదే గందరగోళం. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ప్రమాదం 18 శాతం పెరుగుతుందని వాళ్ళ లెక్క. అది అసలున్న ప్రమాదం మీద 18 శాతం, వందమందిలో 18 మందికి రావడం కాదు. పొగాకు సంగతి చూడండి. ప్రపంచంలో క్యాన్సర్ మరణాల్లో దాదాపు పావువంతు దాని ఖాతాలోనే పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండూ ఒకే వరసలో రాసి ఉన్నా బరువులో ఎక్కడా సాటి రావు.

పైగా ఆ జాబితాలో ఉన్నది ఏ చేపైనా కాదు, చైనా పద్ధతిలో ఉప్పువేసి ఊరబెట్టిన చేప. దక్షిణ చైనా ప్రాంతంలో చిన్నప్పటి నుంచి అది తినేవాళ్ళలో ముక్కు వెనక గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్‌తో దానికి సంబంధం దొరికింది. మన ఒడ్డున ఎండబెట్టే నెత్తళ్ళు ఆ తయారీ కాదు. ఉప్పు ఎక్కువగా పట్టించిన నిల్వ తిండి రోజూ తింటే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, బీపీ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఉప్పుచేపని నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వారానికి ఒకటి రెండుసార్లు వండుకోండి అన్నాను. పచ్చిచేప మానడానికి ఒక్క కారణం కూడా నాకు కనపడలేదు. చేపల మీద బతికే ఇంట్లో చేప మాన్పించి, గుడ్డు మాన్పించి, పాలు మాన్పించి, మాంసకృత్తులు రాకుండా చేసేశారు. పంచదార క్యాన్సర్‌ని పెంచి పోషిస్తుందన్న మాట కూడా అంతే. ఎక్కువ తింటే బరువు పెరుగుతుంది, ఊబకాయానికి కనీసం 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉంది. ఆ దారిలో పంచదారకి పాత్ర ఉంది. నాలుగు కిలోలు తగ్గిపోయి, రక్తం లేక పాలిపోయిన మనిషి టీలో అరచెంచా పంచదారతో ఆ లెక్క మొదలవదు.

ఐరన్ తక్కువైతే నోటి పొర పలచబడుతుంది, నాలుక నున్నబడుతుంది, మంట వస్తుంది. ఆమె మంటలో కొంత భాగం చుట్టది, కొంత భాగం ఆ నోటుబుక్కుదే. ఈ మాట కోడలికి చెప్పడానికి మాటలు వెతుక్కున్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారే ఆవిడ చెయ్యి పట్టుకుని, "నువ్వు సేసింది నా మంచికే గదే" అన్నారు.

క్యాప్సూల్స్ వెంటనే ఆపించాను. డబ్బాలో ప్రధానంగా ఉన్నది బీటా కెరోటిన్. క్యారెట్లో, తోటకూరలో, మునగాకులో ఉండేదే, మంచిదే. కానీ పొగ తాగేవాళ్ళకి దాన్ని మాత్రల రూపంలో ఎక్కువ మోతాదులో ఇస్తే ఏమైందో చూశాం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద జరిగిన పరీక్షలో, 1994లో ఫలితాలొస్తే, బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో ఇలాంటి మరో పరీక్షని 1996లో మధ్యలోనే ఆపేశారు.

అయితే పోషకాలకి పాత్రే లేదని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన రాష్ట్రంలోనే అడ్డపొగ తాగేవాళ్ళకి విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చి చూశారు. 1990లలో ప్రచురించిన ఆ పరిశోధనలో చాలామందిలో అంగిటి మచ్చలు తగ్గాయి. తిండి బాగాలేని మనిషి నోరు పొగ దెబ్బకి తొందరగా లొంగుతుందని నేను అర్థం చేసుకున్నాను. మచ్చ తగ్గడం వేరు, క్యాన్సర్ రాకుండా ఆగడం వేరు. నిప్పు అలాగే ఉంచి మాత్ర మింగమని ఆ పరిశోధన ఎవరికీ చెప్పలేదు.

తిండికి నేను రాసిచ్చింది చాలా చిన్నది. పొద్దున్న చోడి (రాగి) అంబలి, చద్దన్నం తినాలనిపిస్తే తినొచ్చు, పక్కన ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నంతో చేప, పప్పు, ఏదో ఒక ఆకుకూర. రోజుకో గుడ్డు. సాయంత్రం జామకాయ, బొప్పాయి, ఏది చవగ్గా దొరికితే అది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన కొలత ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు కావాలి. ఆమె ఇంట్లో అందులో మూడోవంతు కూడా లేదు. క్యాప్సూల్స్‌కి పోసే రెండు వేలు రైతుబజార్లో పెట్టమన్నాను. కషాయం ఇష్టమైతే తాగమన్నాను, మందనుకోవద్దన్నాను. ఐరన్ మాత్రలు మూడు నెలలు.

మానడం

నలభై మూడేళ్ళ అలవాటు. "నెత్తిమీద గంపెట్టుకుని పది ఈదులు తిరిగొచ్చాక, కూకుని ఒక్క సుట్ట కాల్చుకుంటేనే ఒళ్ళు నాదవుద్దమ్మా." ఈ మాట విన్నాక "మానేయండి, లేకపోతే చచ్చిపోతారు" అనడం నాకు చాతకాలేదు. భయం ఒక వారం పనిచేస్తుంది. అంతకంటే ఏ చుట్ట ఎందుకు కాలుస్తున్నారో తెలుసుకోవడం మేలు.

మూడింటిలో పొద్దున్నది నికోటిన్ కోసం. లేవగానే అది లేకపోతే చేతులు ఆడవు. మధ్యాహ్నానిది అలసటకి. రాత్రిది పక్కింటి ఆడవాళ్ళతో అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేటప్పటిది. పొద్దున్నదాని కోసం చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ ఇచ్చాను. అంగిట్లో ప్లేటు ఉండగా గమ్ నమలడం కుదరదు. మధ్యాహ్నం గంప దించగానే ముందు మజ్జిగ, తర్వాత కాళ్ళు చాపుకుని పావుగంట. రాత్రి అరుగు మాత్రం కష్టమైంది. అక్కడ చుట్ట లేకపోతే తాంబూలం చేతికొచ్చింది. ఇది నేను చాలామందిలో చూశాను, పొగ మానేసి వక్క పట్టుకుంటారు. పొగాకు కలపకపోయినా వక్క కూడా క్యాన్సర్ కారకమే, దానివల్ల నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బూ వస్తుంది. సోంపు డబ్బా కొనిపించాం. అరుగు మీద అందరికీ అదే పంచిపెట్టడం మొదలుపెట్టారు.

పొగాకు మానడానికి జాతీయ క్విట్‌లైన్ 1800 11 2356 ఉంది, ఫోను చేస్తే డబ్బులు పడవు. మొదటి వారాల్లో కోడలు చాలాసార్లు చేసింది. అత్తగారు మాట్లాడ్డానికి సిగ్గుపడితే ఈవిడే మాట్లాడి, విన్నది చెప్పేది.

శస్త్రచికిత్సకి ముందు నేను పళ్ళన్నీ శుభ్రం చేసి, లోపలివైపు ఫోటోలు తీసిపెట్టుకున్నాను. గార పూర్తిగా పోయిన పళ్ళ మీద మళ్ళీ గార కడితే పొగ మళ్ళీ మొదలైనట్టే. మూడో నెలలో చూస్తే కింది ముందుపళ్ళ వెనక సన్నటి గోధుమరంగు గీత. ఏమీ అనకుండా పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టాను. ఆమె చూసి పకపకా నవ్వేశారు. "గంగమ్మ పండక్కి రెండు కాల్చానమ్మా. అది కూడా పట్టేసినావా." రెండు కంటే ఎక్కువే అయ్యుంటాయి, గీత చెప్తోంది. తగవు పెట్టుకోలేదు. మళ్ళీ శుభ్రం చేసి, మళ్ళీ ఫోటో తీశాను. ఆ తర్వాత నుంచి నోరు తెరిచి "సూసుకో" అంటూ ఆమే ముందు చూపిస్తున్నారు.

ఏడాది తర్వాత

బరువు మూడు కిలోలు తిరిగొచ్చింది. హిమోగ్లోబిన్ 11.6. మంట లేదు, ఆవకాయ తింటున్నారు. అంగిటి బీటలు చాలావరకు సర్దుకున్నాయి. తెలుపు పలచబడింది, ఎర్ర చుక్కలు తగ్గాయి, తీసిన చోట మచ్చ మామూలుగా మానింది. పళ్ళ లోపలివైపు గార లేదు. కుడివైపు ఒకచోట రంగు తేలిపోయిన పొర ఇంకా ఉంది, దాన్ని ప్రతిసారీ కొలుస్తున్నాను. పొగ మానాక ముప్పు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుందిగానీ మర్నాటికి మాయం కాదు. నలభై ఏళ్ళ పొగ చూసిన నోటి పొరలో ఇంకెక్కడైనా మార్పు మొదలవ్వొచ్చు. మూడు నెలలకోసారి రావాలని చెప్పాను, వస్తున్నారు.

ఒకటి గమనించండి. ఆ పళ్ళ సెట్టు కట్టించుకున్నాక ఆమె నోటిని ఎవరూ చూడలేదు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఐదేళ్ళకోసారి నోటి పరీక్ష చెయ్యాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. టార్చి లైటు, చెక్క పుల్ల, రెండు నిమిషాలు. పేటకి వచ్చే ఏఎన్ఎమ్మే ఆ పని చెయ్యగలదు. అనుమానముంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆమె ఇప్పుడు అరుగు మీది ఆడవాళ్ళని ఒక్కొక్కరిగా నా దగ్గరికి తోలుకొస్తున్నారు. ఇద్దరికి అంగిట్లో మార్పులున్నాయి, ఎర్రమచ్చలు లేవు.

కొడుకు

తల్లిని దింపడానికి వచ్చి బయట బండి మీద కూర్చునేవాడు. వయసు 36. ఒకరోజు లోపలికి పిలిచి నోరు చూపించమన్నాను. "నాకేం లేదు మేడం, నేను చుట్ట కాల్చను" అన్నాడు. కింది పెదవికీ చిగురుకీ మధ్య ఎడమవైపు తెల్లగా ముడతలు పడిన మచ్చ. బోటు మీద వేటకి వెళ్తే నిద్ర రాకుండా ఖైనీ, ఒడ్డుకి చేరాక మందు. పొగాకూ మద్యమూ విడివిడిగా నోటి క్యాన్సర్‌కి కారణాలే, రెండూ కలిస్తే ముప్పు కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. అతని భార్య రాసిన నోటుబుక్కులో అత్తగారి పేజీలే ఉన్నాయి, భర్తకి ఒక్క పేజీ లేదు.

బయాప్సీలో డిస్‌ప్లేసియా లేదు. ఖైనీ మానేశాడు, మచ్చ సగానికి తగ్గింది. మందు దగ్గర బేరాలాడుతున్నాడు. "బ్రాందీ మానేస్తాను మేడం, బీరు ఫర్వాలేదా?" బీరైనా బ్రాందీ అయినా కల్లైనా లోపలికెళ్ళే ఆల్కహాల్ ఒకటే, నోటితో పాటు గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు కూడా దాని లెక్కలోకి వస్తాయని చెప్పాను. వారానికి రెండు రోజులకి తగ్గించానంటున్నాడు. భార్య మూడంటోంది. వేట నిషేధం మొదలై అతను ఒడ్డునే ఉండే రెండు నెలల్లో ఏమవుతుందో చూడాలి, అప్పటికి మళ్ళీ రమ్మని రాసిచ్చాను.